గట్టు మీద అడుగులు, పొలుసుల పెంట – ఇది బావురుపిల్లేనా?

రంభరేవు (ప్రశ్న)
ఒడిశాలో చిలికా సరస్సు పక్కన గంజాం జిల్లా, రంభ దాటి లోపలికి వెళ్లే దారిలో ఒక చేపల చెరువు. ముక్కాలు ఎకరం ఉంటుంది. శీలావతి, బొచ్చె కలిపి వేశారు. పడమటి గట్టుకి ఆనుకుని జమ్ము, కిక్కిస ఒత్తుగా ఉన్నాయి. తూము దగ్గర తడి మట్టిలో అడుగులున్నాయి. గట్టు మీద పొలుసులు కలిసిన పెంట, రెండు చోట్ల బొచ్చె తలకాయలు. పక్క కొట్టంలో రెండు కోళ్లు పోయాయి. ఊళ్లో చిరుతపులి పిల్ల అంటున్నారు. చేపలు పట్టే బావురుపిల్లేమోనని (కొందరు నీటిపిల్లి అంటారు) నా అనుమానం. ఉచ్చు వేద్దామని ఒకరు, మందు పెడదామని ఒకరు. ముందు అదేమిటో తేలితే మిగతాది మాట్లాడొచ్చు. తెలిసినవాళ్లు చెప్పండి.

కిక్కిసపొద
ఉచ్చు, మందు రెండూ ఆపించండి, ఈ రాత్రికే. ఆ తర్వాత మూడు సంగతులు చూసి చెప్పండి.

అడుగుకి వేళ్లు నాలుగా, అయిదా? పక్కన స్కేలు గానీ రూపాయి బిళ్ల గానీ పెట్టి వెడల్పు కొలవండి. మట్టి జారుడుగా ఉన్నచోట అడుగు సాగి పెద్దదిగా కనిపిస్తుంది. అలాంటివి వదిలేసి, గట్టి తడిమట్టిలో అంచు తెగినట్టు పడినవే తీసుకోండి. ఇంటిపిల్లి అడుగు 3 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది, ఎదిగిన చిరుతది 7 దాటుతుంది. ఆ రెంటి మధ్య ఉంటే మన చర్చకి పనికొస్తుంది.

రెండోది, పెంట ఒకటే చోట కుప్పగా ఉందా, గట్టు పొడవునా విడివిడిగా ఉందా?

మూడోది కోళ్ల సంగతి. గూడు కన్నం ఎక్కడ పడింది, ఈకలు ఎంత దూరం వెళ్లాయి? చెరువు దొంగ, కోళ్ల దొంగ ఒకటే కానక్కర్లేదు. రెంటినీ ఒకే జంతువు మీద వేసేస్తే మందు కూడా తప్పు రోగానికి పడుతుంది.

గోపాలపురం_జాలారి
ఏటండీ, ముందు పేరు సంగతి తేల్చండి. మా వైపు నీటిపిల్లి అంటే కొందరికి నీటికుక్క. అదే, గుంపుగా ఈది వలలు చింపేసేది. బావురుపిల్లి అంటే కొందరు జంగుపిల్లి అనుకుంటారు, మచ్చలుంటే పునుగుపిల్లి అనేస్తారు. ఒక్క ఊళ్లో నాలుగు జంతువులకి రెండు పేర్లు. అటవీ శాఖ వాళ్లకి ఫోన్ చేసి 'నీటిపిల్లి' అంటే వాళ్లు ఏది రాసుకుంటారు?

పర్లాకిమిడి_మాస్టారు
జాలారి గారి మాట నిజం. ఈ చర్చలో బావురుపిల్లి అంటే చేపలు పట్టే పిల్లి, ప్రియోనైలూరస్ వివెర్రినస్ అని అనుకుందాం. 1833లో జంతుశాస్త్రవేత్త బెన్నెట్ దానికి పేరు పెట్టినప్పుడు పునుగుపిల్లిలా ఉందనే 'వివెర్రినస్' అన్నాడు. అంటే మన ఊళ్లో వాళ్లు పడే పొరపాటుకి శాస్త్రంలోనే పునాది ఉంది!

గుర్తులు చెబుతాను. బూడిద రంగులో కొంచెం పచ్చిమట్టి చాయ. ఒంటి పొడవునా వరసలుగా నల్లటి కోలమచ్చలు. నుదుటి మీంచి మెడ దాకా ఆరు నుంచి ఎనిమిది నల్లచారలు పోతాయి, భుజాల దగ్గరకి వచ్చేసరికి తెగి మచ్చలవుతాయి. చెవులు చిన్నవి, గుండ్రం, వెనక నల్లగా ఉండి మధ్యలో తెల్లచుక్క. తోక పొట్టి, ఒంటిలో సగం కూడా ఉండదు, మొదట్లో లావు. కాళ్లు పొట్టి, ఛాతీ బరువు. ఆడది 5 నుంచి 9 కిలోలు, మగది 16 దాకా వెళ్తుంది.

జంగుపిల్లి అయితే కాళ్లు పొడవు, ఒళ్లు మచ్చలేకుండా ఇసుక రంగు, చెవి కొసల్లో చిన్న కుచ్చు. చిరుతపిల్లి అనే చిన్న అడవిపిల్లి (లెపర్డ్ క్యాట్) ఇంటిపిల్లంత ఉంటుంది, తోక పొడవు. చిరుతపులి పిల్లకి మచ్చలు గుత్తులు గుత్తులు, తోక నేలకి తగిలేంత. తోక ఒక్కటి చూస్తే సగం గొడవ తీరుతుంది.

ఛత్రపురం_నాని
దీని కాళ్లకి బాతుకున్నట్టు పొర ఉంటుందని, అందుకే ఈదుతుందని చదివాను. అడుగులో ఆ పొర కనపడాలి కదా?

పర్లాకిమిడి_మాస్టారు
ఆ పొర గురించి చాలా ఎక్కువ రాశారు, నానీ. వేళ్ల మధ్య చర్మం ఉంది, కానీ సగం వరకే, వేళ్ల కొసలు దాన్ని దాటి ముందుకి వస్తాయి. అమెరికాలోని బాబ్‌క్యాట్ లాంటి నేలపిల్లులకి ఉన్నదానికన్నా పెద్ద తేడా లేదు. బాతు పాదంలా పొర అచ్చు పడుతుందని చూస్తే ఎప్పటికీ దొరకదు.

నీటికి అసలు తయారయింది బొచ్చు. కింద పొట్టిగా, చాలా ఒత్తుగా ఒక పొర, నీరు చర్మానికి తగలనివ్వదు. దాని పైన పొడవాటి గట్టి వెంట్రుకల పొర, మచ్చలూ చారలూ అక్కడివే. రెండోది గోళ్లు. లోపలికి తీసుకున్నా కొసలు బయటే ఉంటాయి. మిగతా పిల్లుల అడుగులో మామూలుగా గోరు పడదు. దీనిది మెత్తటి బురదలో చూస్తే ఒక్కోసారి వేళ్ల ముందు సూదితో గుచ్చినట్టు చుక్కలు. అది చూసి కుక్క అనుకుని పోతారు. కుక్క అడుగు కోలగా ఉంటుంది, గోళ్లు మొద్దుగా పడతాయి. పిల్లిది గుండ్రం, వెనక దిండు అడుగున మూడు బుడిపెలు.

రంభరేవు
కొలిచాను. గట్టి మట్టిలో రెండు రకాలు దొరికాయి. ఒకటి నాలుగు వేళ్లు, గుండ్రం, వెడల్పు 5 సెంటీమీటర్లు, రెండు అడుగుల్లో గోటి చుక్కలున్నాయి. ఇంకోటి అయిదు వేళ్లు, వెడల్పు 6 దాటింది, పక్కన ఏదో ఈడ్చిన గీత. పెంట కూడా రెండు రకాలు. తూము రాయి మీద జిగటగా కుప్ప, అంతా ముళ్లు, పొలుసులు, చేపల కంపు. గట్టు మీద విడిగా కడ్డీలా రెండు, కొస సన్నం, అందులో పొలుసులతోబాటు వెంట్రుకలు.

కిక్కిసపొద
ఇప్పుడు తేలింది. మీ చెరువుకి వచ్చేవి రెండు. అయిదు వేళ్లు, తోక ఈడ్చిన గీత, రాయి మీద కంపుకొట్టే కుప్ప – అది నీటికుక్క. అవి ఒకటే చోటకి మళ్లీ మళ్లీ వచ్చి పోతాయి, ఆ రాయి వాటికి సంతకం లాంటిది. నాలుగు వేళ్లది పిల్లి. గోటి చుక్కలు, పొలుసులు, వెంట్రుకలు కలిసిన కడ్డీ పెంట ఒకే గట్టు మీద ఉన్నాయి కాబట్టి బావురుపిల్లి అనడానికి బలం ఉంది. వెంట్రుకలు ఎలుకవి అయి ఉంటాయి. కానీ ఫొటో లేకుండా ఖాయం చేయకండి. జంగుపిల్లి కూడా చెరువు గట్ల మీద తిరుగుతుంది, చేప దొరికితే వదలదు.

తలకాయల మీద ఎవరూ తీర్పు చెప్పొద్దు. పెద్ద చేప తల ఎవరు వదిలినా అలాగే ఉంటుంది. ఒక్కోసారి రాత్రి నీటికుక్క తిని వదిలితే తెల్లారి కాకి లాక్కెళ్లి గట్టు మీద పెడుతుంది.

గోపాలపురం_జాలారి
ఇంకో మాట. చేపలు తగ్గిపోయాయని మొత్తం లెక్క పిల్లి మీద రాసేస్తున్నారు. మబ్బు పట్టి రెండు రోజులుంటే తెల్లవారుజామున చేపలు నీటి పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయా లేదా సూడండి. అదైతే ఆక్సిజన్ పడిపోయినట్టు. పచ్చనీరు చిక్కగా ఉన్న చెరువులో రాత్రంతా నాచు కూడా ఊపిరి పీల్చుకుంటాది. కరిగిన ఆక్సిజన్ లీటరుకి 3 మిల్లీగ్రాముల కిందికి పోతే శీలావతి ఇబ్బంది పడతాది, ఇంకా పడిపోతే చస్తాది. చచ్చినవి అంచుకి కొట్టుకొస్తాయి, అప్పుడు పిల్లికి, నీటికుక్కకి, కొంగకి పెళ్లిభోజనం. అందరూ తినేవాళ్లని సూస్తారు గానీ చంపిందాన్ని సూడరు. నీటిలో గాలి కలిపే ఏరేటర్ తిప్పండి, లేకపోతే తెల్లవారకముందే కొత్తనీరు పెట్టండి, ఆ రోజు మేత ఆపండి.

తుంగవాడ
ఇది చేపలు మాత్రమే తింటుంది కదా, కోళ్ల జోలికి ఎందుకు వస్తుంది? కోళ్లు వేరే జంతువు తిన్నట్టే.

మూడోకన్ను
చేపలు మాత్రమే అనేది తప్పు. రాజస్థాన్‌లోని భరత్‌పూర్ కేవలాదేవ్ పార్కులో పెంట ఏరి చూస్తే ఆహారంలో నాలుగింట మూడు వంతులు చేప, మిగతాది పక్షులు, పురుగులు, ఎలుకల జాతి. కప్పలు, పీతలు, నత్తలు, పాములు కూడా తింటుంది. చచ్చిన జంతువు దొరికినా ముడుతుంది. కోడి దొరికితే వదలదు, అప్పుడప్పుడు చిన్న మేకపిల్ల మీద కూడా పడుతుంది. ఏది అందుబాటులో ఉంటే అది. ఎండాకాలం గుంటలు ఇంకిపోతే ఊరి వైపు జరుగుతుంది.

వేట పద్ధతి చూస్తే ఎందుకో అర్థమవుతుంది. ఎక్కువ సేపు చేసేది కూర్చోవడమే. లోతు తక్కువ, నీరు కదలని అంచున ముందుకాళ్లు దగ్గరగా పెట్టి, మెడ దించి, నీటినే చూస్తూ ఉంటుంది. తోక కొస తప్ప ఏదీ కదలదు. చేప పైకి తేలగానే ముందుకాలితో చేదుకుంటుంది. లేదా ఛాతీ వరకు నీళ్లలోకి వాలి నోటితోనే పట్టేస్తుంది. లోతైన చోట పూర్తిగా మునుగుతుంది కానీ అది తక్కువ. పట్టిన చేపని గట్టెక్కించి, నీటికి కాస్త దూరంగా తీసుకెళ్లి తింటుంది, బతికున్న చేప జారిపోకుండా. అందుకే అంచు నిటారుగా, లోతుగా ఉన్న చెరువు దానికి పెద్దగా పనికిరాదు. వాలుగా దిగి జమ్ము పెరిగిన అంచే దాని పీట.

రంభరేవు
అయితే జమ్ము అంతా కోసేస్తే సరిపోతుందా?

కిక్కిసపొద
ఆ పని చేయకండి, చేసినా వేసవి మొదట్లో అస్సలు వద్దు. అడవిలో ఇవి జతకట్టేది ఎక్కువగా జనవరి, ఫిబ్రవరి. గర్భం 63 నుంచి 70 రోజులు. పిల్లలు మార్చి, ఏప్రిల్‌లో ఎక్కువగా కనిపించేది అందుకే. ఒక ఈతకి ఒకటి నుంచి నాలుగు, మామూలుగా రెండు మూడు. పుట్టినప్పుడు 170 గ్రాములు కూడా దాటవు, కళ్లు తెరవడానికి రెండు వారాలు పైన పడుతుంది. ఆ నెలల్లో కిక్కిస ఎండి ఉంటుంది, మనవాళ్లు అగ్గిపుల్ల గీసేదీ అప్పుడే. పొద మధ్యలో పడుకోబెట్టిన పిల్లలు కదల్లేవు.

కోయాల్సిందే అయితే ఒక చివర మొదలుపెట్టి రెండో చివరకి వెళ్లండి, చుట్టూ వలయంగా కోసుకుంటూ మధ్యకి రాకండి. బయటకి పోవడానికి దారి ఉండాలి. చెరువు ఒక వైపు అంచున 10, 15 అడుగుల పట్టీ వదిలేయండి.

పిల్లలు దొరికితే ఎత్తుకెళ్లి పాలు పట్టకండి. ఆవుపాలకి విరేచనాలు పట్టుకుని చస్తాయి. అదే చోట, ఎండ, కుక్కలు తగలకుండా పైన నాలుగు కిక్కిస కట్టలు కప్పి, మనుషులు దూరం జరిగి, అటవీ సిబ్బందికి చెప్పండి. చీకటి పడ్డాక తల్లి ఒక్కొక్కదాన్నే మెడపట్టి మోసుకెళ్లిపోతుంది. ఫొటోల కోసం జనం గుమిగూడితే రాదు.

మూడోకన్ను
రంభరేవు గారు జంతువు ఎదురొస్తే దానంతటదే ఫొటో తీసే కెమెరా పెట్టే ఆలోచనలో ఉంటే, ఇవి చెప్పి తీరాలి. పొలం మీది అయినా ముందు అటవీ శాఖకి ఒక మాట చెప్పి పెట్టండి.

వెదురుగెడకి కట్టొద్దు. గాలికి ఊగితే రాత్రంతా ఖాళీ ఫొటోలు. సరుగుడు గుంజ 2 అడుగులు లోపలికి దింపి కట్టండి. నేల నుంచి 30 నుంచి 40 సెంటీమీటర్లు. మనుషుల నడుము ఎత్తులో పెడితే పిల్లి వీపు తప్ప ఏదీ రాదు. దారికి 2.5, 3 మీటర్ల దూరం. అంతకన్నా దగ్గరైతే ఫ్లాష్‌కి ఒళ్లు తెల్లబడిపోతుంది. ఎదురుగా గడ్డి రెండు మూడు మీటర్లు నేల మట్టంగా కోయండి, ఎండకి వేడెక్కి ఊగే ఆకు కూడా సెన్సార్‌కి జంతువే. ఎందుకంటే అది చూసేది కదలికని కాదు, వేడి తేడాని. నీళ్లలోంచి అప్పుడే లేచిన తడిబొచ్చు పైన చల్లగా ఉంటుంది, సెన్సార్ ఒక్కోసారి వదిలేస్తుంది. కాబట్టి కెమెరాని నీటి అంచుకి కాదు, గట్టు మీద అది ఒళ్లు దులుపుకుని నడిచే చోట పెట్టండి. తూర్పు, పడమర ముఖం వద్దు.

చిలికా గాలికి ఉప్పు. బ్యాటరీ కాంటాక్టులకి వాసలీన్ పలుచగా రాయండి. లోపల సిలికా జెల్ పొట్లం ఒకటి. చీమలు వెచ్చదనానికి లోపల చేరి గుడ్లు పెడతాయి, మూత రబ్బరు చుట్టూ చూసుకోండి. తారీకు, టైము సరిచేశాకే పెట్టండి. పెట్టాక మీరే నాలుగు కాళ్ల మీద ముందు నుంచి పాకి చూడండి, నవ్వొచ్చినా సరే. ఫొటో పడితే ఎత్తు సరిపోయినట్టు.

ఛత్రపురం_నాని
చిలికాలో బావురుపిల్లులు 176 ఉన్నాయని వార్తల్లో వచ్చింది. అన్నింటినీ లెక్కపెట్టారా?

మూడోకన్ను
లెక్కపెట్టింది కాదు, అంచనా. 2021లో ఉత్తరం, ఈశాన్యం వైపు చిత్తడిలో, 2022లో పరికుద్ వైపు దీవుల్లో, రెండు విడతలుగా 150 కెమెరాలు, ఒక్కోటి 30 రోజులు. చిలికా అభివృద్ధి సంస్థ, ఫిషింగ్ క్యాట్ ప్రాజెక్ట్ వాళ్లు చేశారు. ఒక్కో పిల్లి మచ్చల వరస వేలిముద్ర లాంటిది, అదే పిల్లి ఏ కెమెరాలో ఎన్నిసార్లు పడిందో చూసి, పడనివి ఎన్ని ఉండొచ్చో గణితంతో కడతారు. ఎడమ పక్క మచ్చలు, కుడి పక్క మచ్చలు ఒకటి కావు. ఒకసారి ఎడమ పక్క, ఇంకోసారి కుడి పక్క మాత్రమే పడితే ఒక పిల్లి రెండుగా లెక్కకొస్తుంది. అందుకే ఎదురెదురుగా రెండు కెమెరాలు. అభయారణ్యాల బయట ఇలా లెక్క కట్టడం అదే మొదటిసారి. కెమెరాల మధ్య దూరం కూడా ఊరికే పెట్టరు. నేపాల్ చిత్వాన్‌లో ఆడది 4 నుంచి 6 చదరపు కిలోమీటర్లు, మగది 16 నుంచి 22 తిరిగాయి. ఆడదాని ఇలాకాలో కూడా కనీసం రెండు మూడు కెమెరాలు పడేటట్టు పెట్టాలి.

బొడ్డపాటి_కోళ్లు
కోళ్ల సంగతి ఎవరూ చెప్పలేదు. ఆరుపలకల సన్నజాలీ కోళ్లని లోపల ఉంచడానికే, పిల్లిని బయట ఉంచడానికి కాదు. పళ్లతో పట్టి లాగితే ముడులు విడిపోతాయి. తీగలు అతికిన గట్టి జాలీ, అదే వెల్డ్ మెష్, వేయండి, కన్నం అంగుళం. కిందికి ఒక అడుగు పాతండి. బండ నేల అయితే గోడ నుంచి బయటికి రెండడుగులు జాలీ నేల మీద పరిచి ఇటుకలు పెట్టండి. తవ్వే జంతువు గోడ మొదట్లోనే తవ్వుతుంది, రెండడుగుల వెనక నుంచి మొదలుపెట్టాలని దానికి తట్టదు. పైకప్పు కూడా మూయాలి, పిల్లి ఎక్కుతుంది. తలుపుకి రెండు గొళ్లేలు, పైనొకటి, కిందొకటి. ఒకటే ఉంటే మూల వంగి చెయ్యి పట్టేంత సందు వస్తుంది. లైటు వెలిగిస్తే రాదని నమ్మకండి, నాలుగు రోజులకి అలవాటు పడుతుంది.

ఒకే రాత్రి పది కోళ్లు చంపి అక్కడే వదిలేస్తే అది ఎక్కువగా ఊరకుక్కల పని. ఒకటి పట్టుకుపోతే పిల్లి జాతి, పునుగుపిల్లి అని చూడాలి. పగలు పోతే ముంగిస.

చేపపిల్లల్ని పెంచే వలగూళ్లు, అదే హాపాలు, గట్టుకి ఆనించి కట్టడం ఇంకో పొరపాటు. అంచుకి ఆరడుగులు లోపలికి, వెదురుకి కట్టండి. గట్టు మీద కూర్చుని చెయ్యి చాపితే అందకూడదు.

తుంగవాడ
ఇంత తతంగం ఎందుకు, చెరువు చుట్టూ కరెంటు తీగ లాగేస్తే పోతుంది.

పర్లాకిమిడి_మాస్టారు
తుంగవాడ గారూ, తెల్లవారి గట్టు మీద మేత వేయడానికి వచ్చే మనిషిని కూడా ఆ తీగ పిల్లి అనే అనుకుంటుంది. బావురుపిల్లి వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1 జంతువు. చంపితే కనీసం మూడేళ్లు జైలు, 2022 సవరణ తర్వాత కనీస జరిమానా 25 వేలు. ఎండ్రకాయకి, చేపకి పురుగుమందు పట్టించి పెట్టడం కూడా అదే కేసు. ఆ చేప తిన్న కొంగ, గద్ద, ఊరి కుక్క అన్నీ పోతాయి, విషం చెరువులోకే దిగుతుంది.

రొయ్యల చెరువుల మీద ఒక మాట. చిలికా నుంచి 1000 మీటర్ల లోపు రొయ్యల పెంపకం వద్దని సుప్రీంకోర్టు 1996 డిసెంబరులో చెప్పింది. వాలు అంచు, జమ్ము ఉన్న చోట నిటారు కట్ట లేచినప్పుడల్లా పిల్లికి పీట పోతుంది, అది మన చిన్న చెరువుల వైపు జరుగుతుంది. రంభరేవు గారి చెరువుకి రావడం వెనక అదీ ఒక కారణం కావచ్చు. రోడ్డు కూడా చూడాలి. 16వ నంబరు జాతీయ రహదారి కింద తూముల్లో ఏడాది పొడవునా నీరు నిండి ఉంటే ఇవి పైకెక్కి దాటుతాయి. తూము ఒక పక్క పొడిగా నడిచే అరుగు ఉంటే కిందనే పోతాయి.

రంభరేవు
ఏరేటర్ పెట్టించాం. గూటికి వెల్డ్ మెష్ కట్టారు, హాపాలు లోపలికి జరిపారు. ఫారెస్ట్ బీట్ వాళ్లకి చెప్పి గట్టు మీద ఒక కెమెరా పెట్టాం. మొదటి మూడు రాత్రుల కార్డు ఇది. రాత్రి 11:40కి తూము మీద నీటికుక్కలు మూడు. 2:15కి గట్టు మీద పిల్లి. కుడి పక్క మాత్రమే పడింది. తోక పొట్టి, నుదుటి మీద చారలున్నాయి, ఛాతీ తడిసి బొచ్చు ముద్దగా ఉంది. నోట్లో ఏమీ లేదు.

మూడోకన్ను
బావురుపిల్లే, ఇంక మాటలేదు. ఛాతీ వరకే తడి, వీపు పొడి – ముందుకి వాలి పట్టబోతే చేప తప్పించుకుపోయినట్టుంది. ఎడమ పక్క కావాలి. రెండో కెమెరా ఎదుటి గుంజకి కట్టండి, కానీ సూటిగా కాదు, ఒక అడుగు పక్కకి జరిపి. లేకపోతే రెండు ఫ్లాష్‌లు ఒకదాన్నొకటి కొట్టుకుని రెండు ఫొటోలూ తెల్లగా పోతాయి. ఫొటో ఇక్కడ పెట్టేముందు లొకేషన్ తీసేయండి.

కిక్కిసపొద
ఆ తూము రాయి కడగొద్దు రంభరేవు గారూ. నీటికుక్కలు ఇంకో రాయి వెతుక్కుంటే మళ్లీ మొదటి నుంచి చూసుకోవాలి.